తలుపు కింద వెలుతురు

"...అని ఉన్నదున్నట్టు రాసేస్తే ఎట్లా ప్రేమగారూ? వాళ్లంతా ఆ తలుపు కోసమే కదా చందా వేసింది."

"చందా వేసినారని లేనిదాన్ని ఉండాదని చెప్పేదా సార్?"

"లేదని ఎందుకనుకోవాలి? ఇప్పుడు మీరు గీస్తే ఉంటుంది."

హోసూరు దగ్గర బేరిగైలో, గులాబీల పాలీహౌస్ పక్కన రేకుల షెడ్డులో జితేంద్రకూ ప్రేమకూ జరుగుతోంది ఈ వాదన. కోసిన పూలను ఇరవై కాడలకొక కట్టగా కడుతున్న అలివేలమ్మ తల ఎత్తకుండానే వింటోంది. ఆర్నెల్లుగా ప్రేమ చేయవలసిన పని ఆమె చేస్తోంది. ప్రేమ భర్త శ్రీరంగప్పే ఆమెను కూలికి పెట్టాడు. పెళ్లయిన ఇరవై మూడేళ్లలో ప్రేమ ఫలానాది కావాలని అడిగింది ఇదొక్కటే: కూర్చుని బొమ్మలు గీసుకోవడానికి కొన్నాళ్లు తీరిక. "ఆర్నెల్లు కూర్చో, చూద్దాం" అన్నాడాయన.

"ఏమమ్మా, ఆ తలుపు ఇంకా తెరుచుకోలేదా?" అంది అలివేలమ్మ. "మా ఇంట్లో తలుపైతే ఒక తన్ను తంతే చాలు."

జితేంద్ర నవ్వాడు. ప్రేమ నవ్వలేదు.

ప్రేమ పుట్టిల్లు రాయకోట. ఇరవై ఏళ్ల వయసులో రోజూ రైలెక్కి హోసూరు వచ్చి ఒక కంప్యూటర్ సెంటర్‌లో నేర్చుకునేది. ఒంగోలు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చిన జితేంద్ర సాయంత్రాలు అక్కడ పాఠాలు చెప్పేవాడు. ఇద్దరూ కలిసి 'కొండకోట' అని ఒక ఆట తయారుచేశారు. కాల్చడం, పరుగెత్తడం ఉండవు. బాణం గుర్తును జరుపుతూ కోటలో వస్తువులు ఏరుకోవాలి, దేన్ని దేనికి వాడాలో ఆలోచించాలి, ఒక్కో గదీ దాటాలి. ప్రోగ్రామంతా జితేంద్రది. బొమ్మలన్నీ ప్రేమవి, మౌసుతో చుక్క చుక్కా పెట్టి గీసినవి. కోట మొదట్లో బొరుగులమ్మే ముసలమ్మ గొంతు కూడా ప్రేమదే. "యాడికి పోతావప్పా? ఆ పక్క తేళ్లుండాయి" అని ముసలమ్మ చెబితే ఆ పక్కకే పోవాలని ఆడేవాళ్లకు తెలిసేది.

చివర ధాన్యపు కొట్టు ఉంది. దాని తలుపు పక్క గూట్లో దీపం. ఒక శనివారం ఆ దీపానికి పసుపు రంగు నింపుతుంటే గీతలో ఎక్కడో ఒక చుక్క ఖాళీ ఉండి, రంగు బయటికి కారి తలుపు కింద సందు పొడుగునా పాకింది. ప్రేమ చూసింది. రైలుకు వేళైపోయింది. సోమవారం వచ్చి తుడుద్దామనుకుంది. ఆదివారం బేరిగై వాళ్లు పెళ్లిచూపులకు వచ్చారు. సోమవారం ఆమె హోసూరు వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. జితేంద్ర రెండు నెలలు చూసి, అయినంత వరకే సీడీలకు ఎక్కించి నలుగురికీ ఇచ్చాడు. ఆ తలుపు తెరుచుకునే ఏర్పాటే ఆటలో లేదు.

సీడీలు ఒకదాన్నుంచి ఇంకొకటిగా కుప్పం, కోలారు, మదనపల్లె బ్రౌజింగ్ సెంటర్లన్నిటికీ పాకాయి. పిల్లలు తలుపు కింద వెలుతురు చూశారు. లోపల ఎవరో దీపం పెట్టుకుని ఉన్నారని తేల్చుకున్నారు. తలుపుకు బొరుగులు ఇచ్చి చూశారు, నూనె పోసి చూశారు. గంటసేపు ఏదీ ముట్టుకోకుండా కూర్చుంటే లోపల దగ్గు వినిపిస్తుందని ఒకరికొకరు చెప్పుకున్నారు. ఆ పిల్లలకిప్పుడు ముప్పై దాటాయి, నలభై వస్తున్నాయి. ఆటను కొత్తగా తెస్తున్నామని జితేంద్ర ఇంటర్నెట్‌లో చందాలు అడిగితే అనుకున్న మొత్తం వారంలో వచ్చేసింది. అడిగినప్పుడు అతను పైన ఒక్క వాక్యం పెట్టాడు: ఈసారి తలుపు తెరుచుకుంటుంది.

ఆ వాక్యం ప్రేమ తర్వాత చదివింది. అప్పటినుంచే ఈ వాదన.

ఆ రోజు జితేంద్ర హోసూరు బస్సెక్కగానే ఆమె రాసేసింది. పాత బొమ్మను పెద్దది చేసి, దీపం గీతలో ఖాళీ దగ్గర గుర్తు పెట్టి, ఇది నా చేతి తప్పు, లోపల ఎవరూ లేరు, ఎప్పుడూ లేరు, క్షమించండి అని చందాదారుల పేజీలో పెట్టింది. తిడతారనుకుంది. తిట్లకు సిద్ధపడే కూర్చుంది.

ఎవరూ తిట్టలేదు. సాయంత్రానికి నాలుగు వందల జవాబులు. భలే దాస్తున్నారు మేడమ్ అన్నారు. ఈ మాటతో ఆశ ఇంకా పెరిగిందన్నారు. మదనపల్లె అతనొకడు, తమ వీధిలో ఒకబ్బాయి ఆ తలుపు తెరిచాడని, తాను కళ్లారా చూశానని ఒట్టేసి రాశాడు. జితేంద్ర ఫోన్ చేసి, మీకింత తెలివుందని నాకు తెలియలేదండీ అని మెచ్చుకున్నాడు.

ఇక గీయడం తప్ప దారి లేకపోయింది. ధాన్యపు కాగులు గీసింది. దీపం ముందు చదువుకుంటున్న పిల్లను గీసింది. పైకప్పు కూలి ఆకాశం కనబడే గదిని గీసింది. అలా తొమ్మిది అయ్యాయి. ఒక్కొక్కటీ పేజీలో పెడితే అందరిదీ ఒకటే మాట: చాలా బాగుంది, కానీ ఇది కాదు. మరి ఏది అంటే ఎవరూ చెప్పలేదు.

ఒక శనివారం మధ్యాహ్నం కుప్పం నుంచి రక్షిత్ అనే అతను మోటార్‌సైకిల్ మీద వచ్చాడు. బ్యాంకు ఉద్యోగి, ముప్పై అయిదేళ్లుంటాయి. ప్రేమ కాళ్లకు దండం పెట్టబోతే ఆమె వెనక్కి జరిగింది. శ్రీరంగప్ప కుర్చీ వేశాడు. తొమ్మిది బొమ్మలనూ అతను తొందర లేకుండా చూశాడు, ఒకటి రెండు మళ్లీ చూశాడు.

"తప్పుగా అనుకోవద్దు మేడమ్" అన్నాడు. "గీసింది మీరేగానీ, ఆ గది మీకు తెలీదు."

"అయితే నువ్వు చెప్పప్పా. ఆడ ఏముండల్ల?"

"చెప్పేకి రాదు మేడమ్. చూస్తే తెలుస్తాది."

వెళ్లేముందు పాత తలుపు బొమ్మ తెర మీద పెట్టమని అడిగి, దాని పక్కన నిలబడి ఫోటో తీసుకున్నాడు. అలివేలమ్మ ఇచ్చిన గులాబీల కట్టను బండి పెట్టెలో జాగ్రత్తగా సర్దుకున్నాడు.

అతను పోయాక ప్రేమ ఆ బొమ్మ తీసేయలేదు. కంప్యూటర్‌కు తగిలించిన పలక మీద పెన్ను పట్టుకుని చూస్తూ కూర్చుంది. ఆ రాళ్ల మీద నీడలు ఎంత సుళువుగా పెట్టింది! పాడైన మౌసుతో, రైలు వేళ చూసుకుంటూ. ఇప్పుడు వెయ్యి రంగులున్నాయి, చేతికి ఏదీ రావడం లేదు. చూస్తూ చూస్తూ తలుపు కింద పసుపు మీద కన్ను నిలిచిపోయింది. అక్కడ రంగు ఎలా పడిందో ఆమెకు తెలుసు. తెలిసీ, తాను ఊపిరి బిగబట్టి లోపలి దగ్గు కోసం ఎదురుచూస్తున్నట్టు కాసేపటికి గ్రహించింది.

పదోది మొదలుపెట్టింది. ఈసారి చందాదారుల దాకా వెళ్లనక్కర్లేకపోయింది. ఇది కాదని ఆమెకే తెలిసిపోయింది. చెరిపింది. మళ్లీ గీసింది, మళ్లీ చెరిపింది. సాయంత్రం శ్రీరంగప్ప వచ్చి వెనక నిలబడి, "బాగానే ఉండాది కదా" అన్నాడు. ఆ మాట ఆమెకు కోపం కూడా తెప్పించలేదు.

మర్నాడు ఆదివారం పదకొండు గంటలకు చందాదారులతో వీడియో సమావేశం. జితేంద్ర హోసూరు నుంచి, ప్రేమ షెడ్డులోంచి. తెర నిండా చిన్న చిన్న ముఖాలు. కొందరు పిల్లలను ఒళ్లో పెట్టుకున్నారు. ఉగాదికి ఆట చేతికొస్తుందని జితేంద్ర చెప్పాడు. మేడమ్ పదో బొమ్మ మీద ఉన్నారని, ఇది తప్పకుండా మీరనుకున్నదే అవుతుందని చెప్పాడు. చప్పట్లు కొట్టారు. మేడమ్ మాట్లాడాలన్నారు.

ప్రేమ మైకు తెరిచింది.

"నేను గీసేది ఇంతటితో నిలిపినాను" అంది. "తొమ్మిదీ తీసేసినాను. ఆ గది మీకు తెలుసు, నాకు తెలీదు. జితేంద్ర సార్, ఇంకెవరితోనైనా గీయించుకోండి. అలివేలమ్మకు రేపట్నుంచి రావద్దని చెప్పేసినాను, పూలు నేనే కోస్తాను."