రహమత్ బీ చల్లటి చేతులు

నిరుడు డిసెంబరు. నరాల డాక్టర్ వారానికి ఒక్కరోజు వచ్చే ఆత్మకూరు క్లినిక్కులో టెక్నీషియన్‌గా చేరి నాకు మూడో వారం. చేజర్ల దగ్గర మా ఊళ్ళో, మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటిదాన్ని నేనే. బస్సు కండక్టరుకి కూడా చెప్పేశాను!

ఆరోజు ఉదయగిరి నుంచి రహమత్ బీ వచ్చింది. ముప్పై ఏళ్ళుగా చెక్క స్పూన్లు చెక్కుతోంది. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి ఉలి జారిపోతోందట.

"పని మానమని మాత్రం రాయబాక బిడ్డా," అంది కూర్చోకముందే.

చేయాల్సింది నెర్వ్ కండక్షన్ టెస్ట్. నరానికి ఒకచోట చిన్న షాక్ ఇచ్చి, ఆ సంకేతం ఎంతసేపట్లో వేళ్ళకు చేరిందో కొలుస్తాం.

"నరంలో కరెంటు వైర్లో పోయినట్టు పోదమ్మా. పొడవునా చిన్న చిన్న తలుపులుంటాయి. ఒకటి తెరుచుకుంటే ఉప్పులో ఉండే సోడియం లోపలికొస్తుంది, దాంతో పక్క తలుపు తెరుచుకుంటుంది. లారీలోంచి హమాలీలు మూటలు చేయి మార్చి దించినట్టు."

"అట్టయితే నా చేతిలో ఎవడో హమాలీ నిద్రపోతా ఉండాడు."

రెండు చేతులకూ షాకులిచ్చి మెషిన్ తెర చూశాను. ఒక్కడు కాదు. రెండు చేతుల్లో అన్ని నరాలూ నెమ్మదే! అంటే ఒంట్లో నరాలన్నిటికీ జబ్బేమో. డాక్టర్ నెల్లూరు బయలుదేరే వేళయింది, రిపోర్టు అడుగుతున్నారు. నాకు కాలు నిలవడం లేదు.

"ఏంది బిడ్డా, తిమ్మిరి నాకా నీకా?"

మళ్ళీ తెర చూశాను. అలలు ఆలస్యంగా వస్తున్నాయి, కానీ ఎత్తుగా, శుభ్రంగా ఉన్నాయి. జబ్బు నరంలో సాధారణంగా అల కుంగిపోతుంది, లేదా చెదిరిపోతుంది. గబుక్కున ఆమె చెయ్యి పట్టుకున్నాను. మంచుగడ్డ! మధ్యాహ్నం నమాజుకి మోచేతులదాకా కడుక్కుని, ఆ తడితోనే, మెషిన్ కోసం వేసి ఉంచే ఏసీ కింద కూర్చుంది. కూర్చోబెట్టింది నేనే. చలికి ఆ తలుపులు మెల్లగా కదులుతాయి. టెస్టుకి ముందు చేతి వేడి చూడాలన్నది క్లాసులో మొదటి పాఠం.

ఎదురు టీకొట్టులో వేడినీళ్ళు అడిగి తెచ్చాను. ఆమె చేతులు బేసిన్‌లో పెట్టింది. బయట డాక్టర్ కారు హారన్.

"మీ సారు పోతా ఉండాడేమో."

"పోనీమ్మా. కదలొద్దు!"

తుడిచి మళ్ళీ చేశాను. అన్ని నరాలూ సరైన వేగానికి వచ్చాయి, ఒక్కటి తప్ప. కుడి మణికట్టులోంచి బొటనవేలికి పోయే నరం అక్కడే నొక్కుకుంది. కార్పల్ టన్నెల్ అంటారు. రిపోర్టు పట్టుకుని కారు దగ్గరికి పరిగెత్తాను. డాక్టర్ దిగి వచ్చి చూశారు. మణికట్టుకి పట్టీ, కొన్నాళ్ళు విశ్రాంతి, తగ్గకపోతే చిన్న ఆపరేషన్. ఆ తర్వాత ఉలి పట్టవచ్చు.

"హమాలీ దొరికినాడు!" అంది రహమత్ బీ.

ఆగలేక నాయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను.

"చెయ్యి వెచ్చబెట్టేదానికి డిగ్రీ ఎందుకు పాపా? మీ అవ్వయితే పట్టుకోంగానే చెప్పుండేది."

నిజమే. తెర చదవడం వచ్చిన నేను చెయ్యి పట్టుకోవడం మరిచాను. ఇప్పుడు మెషిన్ స్విచ్ వేసేముందు, వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని చూస్తున్నాను. కొందరు షేక్‌హ్యాండ్ అనుకుని గట్టిగా ఊపుతారు. ఊపనిస్తాను, కాస్త వేడెక్కుతుంది.