వియ్యపురాలి కోసం పోలిష్

దిబ్బూరహళ్ళిలో పట్టుపురుగులు మేపే చెన్నమ్మ నోరు ఊరికే ఉండదు. ఆ నోటికి జడిసి పట్టుగూళ్ళ మార్కెట్లో కొనేవాళ్ళు కూడా బేరం ముగియగానే పక్కకు తప్పుకుంటారు. కూతురు నేత్ర బెంగళూరులో తనతో పనిచేసే పోలండు అబ్బాయి టోమెక్‌ను చేసుకుంటానన్నప్పుడు ఆమెకు దిగులు పుట్టలేదా అంటే, పుట్టింది. రెండు పూటలు అన్నం మానేసి ఆ దిగులు తీర్చుకుంది. తీరని దిగులు ఇంకొకటి మిగిలింది. కాబోయే వియ్యపురాలు బార్బరాకు తెలుగు రాదు, కన్నడ రాదు, ఇంగ్లీషూ రాదు.

"నువ్వేం చెప్పాలన్నా టోమెక్ చెప్తాడు లేమ్మా," అంది నేత్ర.

"వియ్యపురాల్ని ఎగతాళి చేసేదానికి మధ్యన అల్లుడా? సిగ్గుండాల!" అంది చెన్నమ్మ.

నిజమే మరి. వాళ్ళ బంధువుల్లో పెళ్ళి భోజనాలకు మగపెళ్ళివారు కూర్చోగానే, ఆడపెళ్ళివాళ్ళు వియ్యపురాలి మీద పాట అందుకోవాలి. ఆమె తిండినీ, పిసినారితనాన్నీ, నడకనూ ఏకిపారెయ్యాలి. ఆ పాట పడితేనే ఆమె మన మనిషి. పడకపోతే చుట్టపుచూపుగా వచ్చిపోయినట్టే. వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలంటారు. మాటే అర్థం కాని మనిషితో కయ్యం ఎలా? అందుకే చెన్నమ్మ పోలిష్ నేర్చుకోవడానికి దిగింది.

ఫోనులో పాఠాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. చెన్నమ్మది చింతామణిలో పీయూసీ దాకా చదివిన ఇంగ్లీషు, నడుస్తుంది గానీ పరుగెత్తదు. తట్టల్లో మల్బరీ ఆకు పరుస్తూ పాఠం వినేది. ఈ భాషలో విభక్తులు ఏడు, ఎవరికైనా కష్టమే అని పాఠం చెప్పే అమ్మాయి జాలిపడింది. చెన్నమ్మకు నవ్వొచ్చింది. బడిలో కన్నడ మేష్ట్రు చెవి మెలిపెట్టి మరీ విభక్తులు వల్లె వేయించాడు, ఇక ఏడుకు భయపడుతుందా?

ఆమెను ఏడిపించింది లింగం. బల్ల మగదట, దీపం ఆడదట, కిటికీ రెండూ కాదట!

"ఆ బల్లకి మీసాలేమన్నా ఉండాయా?" అని ఫోనునే నిలదీసింది.

బల్ల మంచిదైతే 'మంచి' ఒకలాగా, దీపం మంచిదైతే మరొకలాగా మారాలట. పైగా ఆ మాటల్లో హల్లులు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చుంటాయి. చెన్నమ్మ నోట్లో పడేసరికి ప్రతి హల్లూ ఒక అచ్చును తోడు తెచ్చుకునేది.

"ఏమే, పురుగులు ఆకు తినేది ఇడిసిపెట్టి నీ పాఠం వింటాండాయి," అనేవాడు మొగుడు మునినారాయణ.

"విననీ. రేపు మార్కెట్లో ధర బాగా పలకతాది."

అలా ఎకసెక్కాలాడుతూనే ఆమె చేతిలో తట్ట తీసుకుని మిగతా ఆకు తనే పరిచేవాడు. అలాంటి మొగుడు దొరకడం అదృష్టం. ఆ మాట మాత్రం చెన్నమ్మ నోట ఏ భాషలోనూ రాదు.

పెళ్ళి చిక్కబళ్ళాపురంలో. ఒళ్ళంతా పిన్నులతో పట్టుచీర నిలబెట్టుకున్న బార్బరా భోజనాల బంతిలో కూర్చుని, నీళ్ళు పోసినవాళ్ళకూ, పప్పు వడ్డించినవాళ్ళకూ ఒకటే నవ్వు పంచుతోంది. ఆ పరాయి నవ్వు చూసి చెన్నమ్మ ప్రాణం ఉసూరుమంది. అక్క అక్కయమ్మ పాట ఎత్తుకోగానే, అదే వరసలో రెండో చరణం తను పోలిష్‌లో అందుకుంది. మా వియ్యపురాలు ఒక లడ్డు నోట్లో వేసుకుంటే రెండు సంచిలో వేసుకుంటుంది, అందుకే అంత పెద్ద సంచి తెచ్చింది, అని దాని అర్థం. సగం విభక్తులు దారిలోనే రాలిపోయాయి.

బార్బరా నవ్వు ఆగిపోయింది. చేతిలో లడ్డును ఆకులో పెట్టేసింది. నేత్ర ముఖం పాలిపోయింది. టోమెక్ గబగబా తల్లి వైపు వంగాడు.

"నువ్వు ఊరికే ఉండప్పా. ఇది ఆడోళ్ళ యవ్వారం," అంది చెన్నమ్మ. అందే గానీ, మొదటిరోజే కూతురి కాపురంలో నిప్పులు పోశానే అని లోపల కుమిలిపోయింది.

బార్బరా చుట్టూ చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఆడవాళ్ళను చూసింది. చెన్నమ్మను తేరిపార చూసింది. తరవాత ఆ లడ్డును తీరిగ్గా సంచిలో వేసుకుని, ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు ఒక్కో మాటా విడదీసి పోలిష్‌లో అంది:

"లడ్డు బాగుంది. పోయినేడు నీ కూతురు మా ఇంటికొచ్చి చేసిన సాంబారు మాత్రం మా కుక్క కూడా ముట్టలేదు."

టోమెక్ ఇంగ్లీషులో చెప్పబోతే చెన్నమ్మ చెయ్యెత్తి ఆపింది. ఒక్క మాట కూడా జారిపోలేదు. తన కూతుర్నీ, తన పెంపకాన్నీ అందరి ముందూ ఆ మహాతల్లి తూర్పారబట్టింది, అదంతా ఎవరూ చెప్పకుండానే తనకు అర్థమైంది. చెన్నమ్మకు సంతోషంతో కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఏమంటాండాదే ఆ యమ్మ?" అంది అక్కయమ్మ.

"తిడతాండాదక్కా! బాగా తిడతాండాది!" అంటూ చెన్నమ్మ వెళ్ళి, వియ్యపురాలి పక్కనే ఆకు వేయించుకుని కూర్చుంది.