సుభానీ గారి చెంప పరీక్ష

చెంపకు ఆనించి చూడందే ఏ వస్తువూ ఆరిందని సుభానీ గారు ఒప్పుకోరు. ఉతికిన చొక్కా అయినా, వానలో వచ్చిన పోస్టుకార్డు అయినా ముందు ఆయన చెంపను తాకాల్సిందే. నాకు ఒళ్లు మండేది మాత్రం రాళ్ల విషయంలో.

1984లో మాచర్ల దగ్గర సున్నపురాయి పరీక్షించే ఒక ల్యాబులో నేను టెంపరరీ అనలిస్టుని. ఆయన అక్కడి హై వాక్యూమ్ పంపుకు మెకానిక్. రాతిముక్కను గాజు గిన్నెలో పెట్టి, పంపుతో దాని రంధ్రాల్లోని గాలంతా లాగేసి, జిగురు పట్టించి, పల్చగా కోస్తేగాని మైక్రోస్కోపు కిందికి పనికిరాదు. రాయిలో తడి ఉంటే అది పంపులోకి పోయి, నూనె తెల్లగా మజ్జిగలా అయిపోతుంది. ఇక పంపు మొరాయిస్తుంది.

నేను ఓవెన్‌లో ఎంత ఆరబెట్టి తెచ్చినా, ఆయన కళ్లు మూసుకుని ముక్కను చెంపకు పెట్టుకునేవారు.

"తడుంది అబ్బాయ్."

ఎమ్మెస్సీ చదివింది నేను, తీర్పు చెప్పేది ఆయన గడ్డం మాసిన చెంప! పైగా పర్మినెంటు ఆఫీసర్ల ముక్కలు ఎంత చెమ్మగా ఉన్నా నోరెత్తకుండా తీసుకునేవారు. ఇదెక్కడి న్యాయమని ల్యాబంతా వినేట్టు అరిచాను. ఆయన నా ముక్కను రెండో చెంపకు పెట్టుకున్నారు.

ఆ శనివారంలోగా రిపోర్టు ఇస్తేనే నా ఉద్యోగం పర్మినెంటు. శుక్రవారానికి నా ముక్క మూడోసారి తిరిగొచ్చింది. ఆయన నమాజుకు వెళ్లగానే నేనే పంపు ఆన్ చేశాను. పావుగంటలో నూనె మజ్జిగైంది.

మేనేజరు అమరేశ్వరరావు గారు ఊగిపోతూ వచ్చి, ఇది ఎవరి పనని అడిగారు. నేను నోరు తెరిచేలోపే, టోపీ ఇంకా తీయని సుభానీ గారు గుమ్మంలోంచి అన్నారు.

"ఆరిందని చెప్పింది నేనేనండీ. ఇయ్యాల చెంప మోసం చేసింది."

మేనేజరు తిట్టాల్సినవన్నీ తిట్టి వెళ్లాక నేను ఆయన మీద విరుచుకుపడ్డాను. నా తప్పు మీరెందుకు నెత్తినేసుకున్నారు, పెద్దవాళ్ల ముందు మీకు నోరు లేవదా అని అడిగాను. ఆయన పాత నూనె డబ్బాలోకి వంచుతున్నారు.

"ఆఫీసర్లు తడిది పెడితే నేను నూనె మార్చుకుంటా. వాళ్ల ఉద్యోగానికేంది? నీకు ముందు దయామణి అని ఒక టెంపరరీ అమ్మాయి ఉండేది. ఇట్టాంటి నూనె చూసే ఆ పిల్లని ఇంటికి పంపారు. అందుకే మీ టెంపరరీ వాళ్లవి అన్నిసార్లు తిప్పి పంపేది."

కొత్త నూనె పోశారు. ముక్కను నాచేత మళ్లీ ఆరబెట్టించారు. శనివారం రిపోర్టు వెళ్లింది, ఉద్యోగం ఖాయమైంది.

సోమవారం నా రాతిముక్కను చెంప దాకా తీసుకెళ్లకుండానే పంపు దగ్గర పెట్టేశారు. అదేమిటని అడిగితే, నువ్విప్పుడు పర్మినెంటు కదా అన్నారు. ఆయన కాపాడే జాబితాలోంచి నన్ను అలా తీసేసినందుకు వచ్చినంత కోపం నాకు ఎప్పుడూ రాలేదు.