వీపు పెట్టి పిలిచిన పేర్లు

రుషికొండ ఒడ్డున పెద్దవల లాగినవారు, చేపలను బేరానికి పంపగా ఇంటికూరకు మిగిలినవాటిని ఇసుకమీద ఇంటికొక కుప్పగా పోసేవారు. చేపలన్నీ ఒక్కతీరున ఉండవు గనుక, ఎంత సరిచూసినా కుప్పలు సమానం కావు. అందుకని పోతమ్మ వాటికి వీపు పెట్టి, సముద్రంవైపు తిరిగి నిలుచునేది. వెనుకనుంచి ఆమె తమ్ముడు ఎల్లాజీ ఒక కుప్పమీద చెయ్యి వేసి, “ఇదెవులిదప్పా?” అనేవాడు. ఆమె ఎవరి పేరు పలికితే అది వారిదే. ఆపైన తగువు లేదు.

భర్తను సముద్రం తీసుకుపోయిన ఏటినుంచీ ఆ పని పోతమ్మదే. ఏ ఇంటినీ మరచిపోకూడదని ఆమె పేటలోని ఇళ్ళ వరుసనే పిలిచేది: మొదట తాతబాబు, పిమ్మట ఎల్లాజీ, ఆ తరువాత అసిరమ్మ. వరుస తప్పకపోవడమే న్యాయమని ఆమె నమ్మకం.

1979లో ఒక ఉదయం, అసిరమ్మ కోడలు ప్రసవించిన కబురు పేటంతా పాకింది. ఆ సంబరంలో పోతమ్మ, తాతబాబు పేరు కాగానే, “అసిరమ్మ!” అని పిలిచింది.

“ఉండప్పా! ఇప్పుడు నా పేరు గదా రావాల!” అన్నాడు ఎల్లాజీ.

పోతమ్మ తొలిసారి వెనుదిరిగి చూసింది. తమ్ముడి చెయ్యి అన్నిటికన్నా విలువైన వంజరాలున్న కుప్పమీద ఉంది.

“ఓలమ్మో!” అంది అసిరమ్మ. “వరస తప్పకుండా ఎందుకు పిలుత్తాదో ఇన్నాళ్ళకి తెలిసింది. తన వంతుకి ఈడు మంచి కుప్పమీదే సెయ్యేత్తాడు. అప్పా తమ్ముడూ బాగానే ఆడినారు నాటకం!”

“నాకేటీ తెల్దే! ఒరే, నువ్వైనా సెప్పరా!” అంది పోతమ్మ తమ్ముడితో.

ఎల్లాజీ తలెత్తలేదు. “పేరు పిలిసింది నువ్వే గదప్పా. నానేటి సేసినాను?” అన్నాడు.

పదిమంది ఎదుట ఆ మాట అన్నవాడు, చిన్ననాడు ఆమె చంకనెక్కి తిరిగినవాడు.

మధ్యాహ్నం, అసిరమ్మ గడపలో ప్రమాణం చేసైనా తనకేమీ తెలియదని నమ్మించాలని పోతమ్మ బయలుదేరింది. తన గుమ్మంలోనే ఎల్లాజీ ఎదురయ్యాడు. చేతిలో పులుసు గిన్నె.

“కోపమెట్టుకోకప్పా. వంజరం దొరికినప్పుడల్లా మాయావిడ నీకు అంపలేదేటి? నువ్వు తినలేదేటి?”

తిన్నది. మరదలి ఆపేక్ష అనుకొని, ప్రతిసారీ గిన్నె కడిగి మరీ తిరిగి పంపింది.

అసిరమ్మ ఇల్లు పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. పోతమ్మ అటు అడుగు వేయలేక, తన గడపమీదనే కూర్చుండిపోయింది.