రంగు పరీక్షకు తోడు

"తోడెవరొచ్చారండీ?" అని నర్సు అడిగిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండింది. గొట్టం దిగేది నా కడుపులోకి. మధ్యలో తోడు మనిషికేం పని? కానీ శ్రీకాకుళంలోని ఆ ఆసుపత్రిలో రూలు అదే. తోడొచ్చినవాళ్లు కాగితం మీద సంతకం పెట్టనిదే లోపలికి తీసుకెళ్లరు.

నేను పెళ్లి చేసుకోలేదు. లెక్కల టీచరుగా రిటైరై ఒక్కదాన్నే ఉంటున్నాను. కొత్తవలసలో తమ్ముడున్నాడు. ముందురోజు తోడు రమ్మని ఫోన్ చేస్తే, "గ్యాసే అప్పా, సోడా తాగు, పోతాది" అని పెట్టేశాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. గ్యాసైతే డాక్టరు రెండోసారి ఎందుకు రమ్మంటాడు? మొదటిసారి చూసినప్పుడు కడుపు లోపలి పొర ఆయనకు నచ్చలేదట. ఈసారి నీలం రంగు చల్లి చూస్తానన్నాడు. బాగున్న చోట కడిగితే రంగు పోతుంది, పాడవడం మొదలైన చోట పోదు. క్యాన్సరేమోనన్న భయంతో వారంగా నాకు అన్నం సయించలేదు. పక్కింటావిడతో మాత్రం ఉపవాసాలని బొంకాను.

బల్ల మీద నా పక్కన కూర్చున్నావిడ నర్సు నన్ను సతాయించడమంతా వింటోంది. చేపలమ్మే మనిషి. కాలికి పుండు ముదిరి వార్డులో ఉన్న మొగుడికి టిఫిన్ తెచ్చింది. ఉన్నట్టుండి లేచి, "ఏటమ్మా, ఇందాకట్నుంచి సంపుకు తింతన్నావు? నానున్నాను కాదా? మా అప్పే ఈవిడ. ఏలిముద్ర ఏడ ఎయ్యాలో సెప్పు" అంది. నర్సు మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. ఊళ్లో గయ్యాళినని పేరున్న నేను బుద్ధిగా తలూపాను.

లోపల గొంతులో మందు కొట్టారు. నాలుక మొద్దుబారింది. పక్కకి తిరిగి పడుకుంటే తెర కనిపిస్తోంది. ఎర్రటి పొర మీద నీలం పరుచుకుంది. కాసేపాగి నీళ్లు కొడితే చాలావరకు జారిపోయింది. అడుగున మూడు నాలుగు చోట్ల మాత్రం అలాగే ఉండిపోయింది, నీలిమందు సరిగ్గా కలవక తెల్లచీర మీద పడ్డ మరకల్లా. అక్కడే పరీక్షకని చిన్న చిన్న ముక్కలు తీశారు. అయిపోయింది నా పని అనుకున్నాను.

గొట్టం తీశాక డాక్టరు నాకు చెప్పలేదు, ఆవిడని పిలిచి చెప్పాడు. "క్యాన్సర్ అయితే కనిపించలేదమ్మా. వదిలేస్తే ముందు ముందు కావచ్చు. మీ అక్కని ఏటేటా తెచ్చి చూపించాలి."

ఆవిడకి క్యాన్సరన్న ఒక్క మాటే వినిపించినట్టుంది. "ఓలమ్మో! మా అప్పకి కేన్సరంట! నానేటి సేసీది దేవుడో!" అని గుండెలు బాదుకుంది. నటన కాదు, కళ్లంట నీళ్లు ధారగా కారుతున్నాయి. వచ్చి నా తల పొట్టకి అదుముకుంది. చేపల వాసన. అమ్మ పోయాక నా తల ఇలా పట్టుకున్నవాళ్లు లేరు. నాకూ ఏడుపు ఆగలేదు.

డాక్టరు మళ్లీ మొదట్నుంచీ చెప్పాల్సి వచ్చింది. "కాదా? ఆ ముక్క గట్టిగా సెప్పొద్దా బాబూ, గుండాగిపోనాది" అని ఆయన్నే దులిపేసి, కొంగుతో నా మూతి తుడిచి, ఆటో ఎక్కించి మొగుడి దగ్గరికి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న బాత్రూములో ఒంటేలు ఆకుపచ్చగా వచ్చేసరికి హడలిపోయాను. నిన్నటి రంగని తట్టాక, అక్కడే నిలబడి పకపకా నవ్వాను. ఎవరికైనా చెప్పి నవ్వించాలనిపించింది. తమ్ముడికి చెప్పే సంగతా ఇది? ఆవిడైతే పడీపడీ నవ్వుతుంది. ఇడ్లీలు కట్టించుకుని ఆసుపత్రికి వెళ్లాను.

వార్డంతా వెతికినా ఆవిడ లేదు. నిన్నటి నర్సు నన్ను గుర్తుపట్టింది.

"వాళ్లాయన్ని నిన్న సాయంత్రమే విశాఖపట్నం పంపేశారు మేడమ్. కాలు తీసెయ్యాలంట" అంది. తర్వాత నా చేతిలో పొట్లం చూసి, "అదేటి, మీ సెల్లెలు మీకు ఫోను సెయ్యలేదా?" అంది.

"హడావిడిలో ఉంటుంది, చేస్తుందిలే" అన్నాను.