దొరగారింట్లో అమ్మ

మొన్న తిరుపతిలో ఒక కొట్లో కలంకారీ గుడ్డ విప్పితే, బొమ్మ గీసేముందు గుడ్డకు పట్టించే కరక్కాయ, గేదెపాల వాసన వచ్చింది.

అమ్మ చనిపోయిన ఏడాదే, శ్రీకాళహస్తిలో మా నాయన అలాంటి గుడ్డ మీద పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు జమీందారును భార్యాపిల్లలతో సహా గీశాడు. తెల్ల విగ్గు పెట్టుకున్న ఆ దొర వాళ్ల పార్లమెంటులో సభ్యుడట. ఆయన వంశంవాళ్లు పాత పటానికి ఫోటో తీసి, కలంకారీలో గీసిమ్మని పంపారు. అందులో దొరసాని ముఖం మాసిపోయి ఉంటే, నాయన అక్కడ అమ్మ ముఖం వేశాడు, ముక్కుపుడకతో సహా.

“అమ్మ ఈడెందుకుండాది నాయనా?”

“దొరగారిల్లు పెద్దది పాపా. ఉండనీ.”

గుడ్డను ఇంగ్లండు పంపేశారు. నేను ఏడవలేదు. బళ్లో ఎవరడిగినా, అమ్మ ఇంగ్లండులో దొరగారింట్లో ఉందని చెప్పేదాన్ని. నాయన కాదనలేదు.

మా ఇంట్లో అమ్మ ఫోటో ఒక్కటీ లేదు. ఇప్పుడు ఆలోచిస్తే, నేను చెప్పింది అంత అబద్ధమేమీ కాదు.