దూది గోడ

మా యాస్మిన్‌కు ‘ఏమవుతుందో’ అనే జబ్బు లేదు. సిద్దిపేటలో మా వీధిలో పరుపులు కుట్టే మహబూబ్ పెద్ద కూతురు ఆమె, ఇంటీరియర్ డిజైనర్. మా ఊళ్లోని ప్రమీలాదేవి గారి ఫంక్షన్ హాల్లో ఎవరు మాట్లాడినా మాట ముక్కలై తిరిగొచ్చేది. మైకు పెడితే మరీ అన్యాయం.

యాస్మిన్ నిఖా ఆ హాల్లోనే జరిగింది. తెర అవతల పెళ్లికి ఒప్పుకుంటూ ఆమె పలికిన ‘కుబూల్’ తండ్రి చెవిన పడలేదు. ఎవరో వచ్చి అన్నదని చెబితే తలూపాడు. ఆ వెలితి మహబూబ్‌ను ఇప్పటికీ వదల్లేదు. ఇప్పుడు చిన్న కూతురు హీబా పెళ్లి కూడా అక్కడే. హీబా గొంతు మరీ చిన్నది.

“మాట మర్లిరాకుంట గోడ చేస్త మేడమ్. పని చెయ్యకుంటే పీకి పడేయుర్రి,” అంది యాస్మిన్.

“మీ చెల్లె పెండ్లిల తెలుస్తది. పనికిరాకుంటే తెల్లారే పీకిస్త,” అంది ప్రమీలాదేవి.

చిన్నప్పుడు దూదేకే మిషన్ ఆపగానే కొట్టులో కమ్ముకునే నిశ్శబ్దమంటే యాస్మిన్‌కు ప్రాణం. చుట్టూ దూది కుప్పలు, మధ్యలో తన ఊపిరి. ఆ నిశ్శబ్దాన్నే గోడగా గీసింది. ఒకచోట ఉబ్బి, ఒకచోట లోతుకు పోయే దూది కుప్పలు, పైన దుబ్బాక నేతబట్ట. దూది నింపే పని తండ్రికి అప్పగించింది. తయారయ్యాక చూస్తే నాకే దాని మీద తల వాల్చాలనిపించింది.

చప్పట్లు కొట్టి చూస్తే మాత్రం హాలు మునుపటిలాగే మోగింది. బట్ట విప్పితే సంగతి బయటపడింది. మహబూబ్ అలవాటు కొద్దీ దూదిని కర్రతో కొట్టి కొట్టి కూరాడు. ఆయన కుట్టిన పరుపు ఏళ్లు గడిచినా గుంట పడదు. ఆ పేరు గోడకూ తెద్దామనుకున్నాడు పాపం.

“బాపూ, గిది పండుకునే పరుపు గాదు. మాట లోపటికి పోవాలె. వదులు చెయ్యి.”

“గింత వదులుగ పెడితే మహబూబ్‌కు పని రాదంటరు.”

“గోడ నాది. అనేటోళ్లు నన్నే అంటరు.”

ఆయన మూతి ముడుచుకున్నాడు. అయినా కూరిన చేతులతోనే దూదిని పాయలు పాయలుగా విప్పాడు. జారకుండా యాస్మిన్ లోపల వల కుట్టింది.

నిఖా రోజు నేను మహబూబ్ పక్కనే కూర్చున్నాను. తెర అవతల పెద్దలు అడిగారు. హీబా తన మామూలు గొంతుతోనే జవాబిచ్చింది. ఆ సంగతి చెప్పడానికి ఒకతను తెర దాటి మా దగ్గరికి వచ్చాడు.

మహబూబ్ చెయ్యి అడ్డం పెట్టి అతన్ని ఆపాడు. నిండిన కళ్లు తుడుచుకోలేదు.

“నువ్వు చెప్పకు,” అన్నాడు. “నేనే ఇన్న.”